రన్ చేయకముందే చెప్పగలగాలి: జావా పని, జావా ఇంటర్వ్యూ

(జావా నేర్చుకుంటూ ఉద్యోగ ఇంటర్వ్యూలకు సిద్ధమవుతున్నవాళ్లతో ఒక సీనియర్ ఇంజనీర్ మాట్లాడిన మాటలకు అక్షర రూపం. చివర్లో సభికుల ప్రశ్నలు, జవాబులు ఉన్నాయి.)

అందరికీ నమస్కారం. వెనక వరసల్లో ఉన్నవాళ్లకు వినపడుతోందా? సరే, మొదలుపెడతాను.

జావా ఇంటర్వ్యూకి వెళ్లొచ్చినవాళ్లను అడిగి చూడండి, కీకి జతగా వాల్యూను దాచిపెట్టే హ్యాష్‌మ్యాప్ మీద ప్రశ్న తగలకుండా బయటపడ్డవాళ్లు అరుదు. "హ్యాష్‌మ్యాప్ లోపల ఎలా పనిచేస్తుంది?" ప్రశ్నలు అడిగే వైపు నేను చాలా ఏళ్లుగా కూర్చుంటున్నాను. ఈ ప్రశ్నకు జవాబు దాదాపు అందరికీ వస్తుంది. కీ నుంచి హ్యాష్‌కోడ్ అనే సంఖ్య లెక్కిస్తుంది, దాన్ని బట్టి బకెట్, అంటే ఏ గదిలో పెట్టాలో, తేలుతుంది, ఒకే బకెట్‌లో రెండు పడితే గొలుసు కడుతుంది, అందులో రెండూ సమానమా అని చెప్పే ఈక్వల్స్‌తో వెతుకుతుంది. తడుముకోకుండా అప్పజెప్తారు. అందులో తప్పేమీ లేదు.

అప్పుడు నేనొక కొసరు ప్రశ్న వేస్తాను. "ఎంప్లాయీ అనే క్లాస్ ఉంది. దాని ఈక్వల్స్, హ్యాష్‌కోడ్ రెండూ పేరు మీదే ఆధారపడ్డాయి. ఒక ఎంప్లాయీని కీగా పెట్టి మ్యాప్‌లో వేశాం. వేసిన తర్వాత సెట్‌నేమ్ పిలిచి ఆ ఆబ్జెక్ట్ పేరు మార్చాం. ఇప్పుడు అదే ఆబ్జెక్ట్‌తో గెట్ పిలిస్తే ఏమొస్తుంది?"

ఇక్కడ నీళ్లు నమలడం మొదలవుతుంది. కొందరు "వాల్యూ వస్తుంది, అదే ఆబ్జెక్ట్ కదా" అంటారు. కొందరు "ఎక్సెప్షన్ వస్తుంది" అంటారు. ఇంతకుముందు వాళ్లు చెప్పిన నాలుగు వాక్యాల్లోనే ఈ జవాబు కూడా ఉంది. కానీ ఆ వాక్యాలను ముందుకు నడిపించి చూడలేదు, గుర్తుపెట్టుకున్నారంతే.

నేను ఈ రోజు చెప్పదలుచుకున్నది దీని గురించే. కోడ్‌ను రన్ చేయకముందే అది ఏం చేస్తుందో చెప్పగలగడం, చెప్పింది తప్పితే ఎక్కడ తప్పిందో పట్టుకోగలగడం. ఉద్యోగంలో రోజూ చేసే పని ఇదే, మంచి ఇంటర్వ్యూలో పరీక్షించేదీ ఇదే. "ఇంటర్వ్యూ ప్రిపరేషన్ వేరు, అసలు పని నేర్చుకోవడం వేరు" అని చాలామంది రెండు దారులు పెట్టుకుంటారు. జావా వరకు నేను ఆ మాట ఒప్పుకోను.

సరే, ఆ హ్యాష్‌మ్యాప్ ప్రశ్న తేలుద్దాం. మొదటి పుట్ జరిగినప్పుడు మ్యాప్ 16 బకెట్ల టేబుల్ తయారుచేసుకుంటుంది. కీ హ్యాష్‌కోడ్ తీసుకుని, దాని పై 16 బిట్లను కింది 16 బిట్లతో ఎక్స్‌ఆర్ చేసి, టేబుల్ సైజులోంచి ఒకటి తీసేసిన సంఖ్యతో యాండ్ చేస్తుంది. అదే బకెట్ నంబర్. ఇక్కడ చాలామంది దాటేసే విషయం ఒకటుంది: లెక్కించిన ఆ హ్యాష్‌ను మ్యాప్ ఆ ఎంట్రీలోనే దాచుకుంటుంది. మళ్లీ మళ్లీ కీని అడగదు.

ఇప్పుడు పేరు మార్చాం. అదే ఆబ్జెక్ట్‌తో గెట్ పిలిచాం. కొత్త పేరుకు కొత్త హ్యాష్. చాలావరకు వేరే బకెట్‌కి వెళ్తుంది, అక్కడ ఏమీ ఉండదు, నల్ వస్తుంది. ఒకవేళ కాకతాళీయంగా అదే బకెట్‌కి వెళ్లినా, ఎంట్రీలో దాచిన పాత హ్యాష్‌తో కొత్త హ్యాష్ చాలావరకు కలవదు. అప్పుడూ నల్లే.

"సరే, పాత పేరుతో ఇంకో ఎంప్లాయీని కొత్తగా చేసి దాంతో అడిగితే?" ఇది మూడో ప్రశ్న. సరైన బకెట్‌కే వెళ్తుంది. దాచిన హ్యాష్ కూడా కలుస్తుంది. తర్వాత ఈక్వల్స్ పిలుస్తుంది. లోపలున్న కీ పేరు ఇప్పుడు మారిపోయింది కాబట్టి ఈక్వల్స్ ఫాల్స్ అంటుంది. మళ్లీ నల్. అంటే పాత పేరుకీ దొరకదు, కొత్త పేరుకీ దొరకదు. కానీ సైజ్ అడగండి, 1 అంటుంది. ఫర్ లూప్‌లో తిప్పండి, ఆ ఎంట్రీ కళ్లముందే కనిపిస్తుంది. రిమూవ్ చేయబోతే పోదు. సర్వర్‌లో నెలల తరబడి నడిచే క్యాష్‌లో ఇలాంటి ఎంట్రీలు పేరుకుంటే అది మెమొరీ లీక్, అంటే వాడని మెమొరీ తిరిగి దక్కకపోవడం. తీగ లాగితే డొంకంతా కదిలింది చూశారా? ఒక్క సెట్‌నేమ్‌తో మొదలై మెమొరీ లీక్ దాకా వచ్చాం. "కీలు ఇమ్యూటబుల్‌గా, అంటే మారనివిగా, ఉండాలి" అని ఎందుకంటారో ఇక బట్టీ పట్టక్కర్లేదు. జావా 16లో ఖాయమైన రికార్డ్‌లు, అంటే ఒకసారి తయారుచేశాక ఫీల్డులు మార్చలేని క్లాసులు, కీలుగా ఎందుకు బాగుంటాయో కూడా ఇక్కడే తెలిసిపోతుంది. ఆ రికార్డ్ లోపల ఒక అర్రేలిస్ట్ పెట్టి, దాన్ని బయటినుంచి మారిస్తే మళ్లీ అదే గండం. అది కూడా మీ అంతట మీరే చెప్పగలరిప్పుడు.

హ్యాష్‌మ్యాప్ గురించి ఇంకొక్కటి చెప్పి వదిలేస్తాను, నాకు సరదా కాబట్టి. రెండు వేర్వేరు స్ట్రింగ్‌లకు ఒకే హ్యాష్‌కోడ్ రావడం చూపించమని అడిగితే చాలామంది ఆలోచనలో పడతారు. కాగితం మీదే చేయొచ్చు. స్ట్రింగ్ హ్యాష్‌కోడ్ అంటే మొదటి అక్షరపు కోడ్ సంఖ్యను 31తో గుణించి రెండోదాని సంఖ్యను కలపడం, అలా ముందుకు వెళ్లడం. పెద్ద ఏ పక్కన చిన్న ఏ రాయండి: 65ను 31తో గుణిస్తే 2015, దానికి 97 కలిపితే 2112. రెండు పెద్ద బీలు రాయండి: 66ను 31తో గుణిస్తే 2046, దానికి 66 కలిపితే 2112. అంతే. ఇలాంటి జంటలను పక్కపక్కన పేర్చుకుంటూ పోతే ఒకే హ్యాష్ ఉన్న స్ట్రింగ్‌లు ఎన్నైనా తయారుచేయొచ్చు. కావాలని అలాంటివే పంపి సర్వర్‌ను నెమ్మదింపజేసే దాడులు కూడా ఉన్నాయి. 2014లో వచ్చిన జావా 8లో, ఒక బకెట్‌లో గొలుసు 8 దాటితే, టేబుల్ సైజు కనీసం 64 ఉంటే, ఆ గొలుసును త్వరగా వెతకగలిగే రెడ్ బ్లాక్ ట్రీగా మార్చే ఏర్పాటు చేశారు. టేబుల్ అంతకన్నా చిన్నదైతే ట్రీ కట్టదు, టేబుల్‌నే పెంచుతుంది.

ఇక సాధన ఎలా చేయాలి? పద్ధతి చాలా సాదా. నాలుగైదు లైన్ల కోడ్ రాయండి. అవుట్‌పుట్ ఏమొస్తుందో ముందు కాగితం మీద రాయండి. మనసులో అనుకుంటే చాలదు, రాయాలి. ఎందుకంటే రన్ చేశాక మన మనసు "నేనూ అదే అనుకున్నాను" అని తెలివిగా మాట మార్చేస్తుంది. తర్వాత రన్ చేయండి. జావా 9 నుంచి జేషెల్ ఉంది, క్లాస్, మెయిన్ ఏవీ రాయకుండా నేరుగా టైప్ చేసి చూడొచ్చు. మీ అంచనా తప్పిందనుకోండి, అప్పుడు మొదలవుతుంది అసలు చదువు.

ఉదాహరణకు ఇది చేయండి. రెండు ఇంటిజర్ వేరియబుల్స్, పెద్ద ఐ ఉన్న ఇంటిజర్, రెండింటికీ 127 ఇవ్వండి. జంట ఈక్వల్ గుర్తులతో పోల్చండి. ట్రూ. రెండింటికీ 128 ఇచ్చి పోల్చండి. ఫాల్స్. మైనస్ 128 నుంచి 127 దాకా ఉన్న సంఖ్యలకు జావా ముందే ఆబ్జెక్టులు తయారుచేసి దాచుకుంటుంది, మామూలు సంఖ్యను ఆబ్జెక్ట్‌గా మార్చే ఆటోబాక్సింగ్‌లో వాటినే ఇస్తుంది. ఆ హద్దు దాటితే కొత్త ఆబ్జెక్ట్. జంట ఈక్వల్ గుర్తులు పోల్చేది ఆబ్జెక్ట్ అదేనా కాదా అని, విలువను కాదు.

"ఇది ఇంటర్వ్యూల కోసం కనిపెట్టిన తిక్క ప్రశ్న" అని విసుక్కునేవాళ్లున్నారు. కాదు. కస్టమర్ ఐడీలను పెద్ద ఐ ఇంటిజర్‌గా పెట్టుకుని, జంట ఈక్వల్ గుర్తులతో పోల్చే కోడ్ ఊహించుకోండి. టెస్ట్ డేటాలో 10 మంది కస్టమర్లు. అన్ని టెస్టులూ పాస్. ప్రొడక్షన్‌లో మొదటి 127 మందికీ బాగానే నడుస్తుంది. 128వ కస్టమర్ దగ్గర మొదలవుతుంది తంటా. "కొంతమందికి మాత్రమే పనిచేయట్లేదు" అని ఫిర్యాదు వస్తుంది, ఎవరికీ అంతు చిక్కదు. ఈ కేసు చెప్పి "ఎక్కడ చూస్తావు?" అని అడిగితే, జేషెల్‌లో 127, 128 ఆడినవాడికి వెంటనే వెలుగుతుంది.

రెండో అలవాటు, జేడీకే సోర్స్, అంటే జావాతో పాటు వచ్చే లైబ్రరీల కోడ్, చదవడం. భయపడకండి, అంతా చదవమనట్లేదు. కోడ్ రాసుకునే ఐడీఈలో కంట్రోల్ నొక్కి మెథడ్ పేరు మీద క్లిక్ చేస్తే సోర్స్ తెరుచుకుంటుంది. అర్రేలిస్ట్ యాడ్ ఎలా రాశారో, ఆబ్జెక్ట్స్ క్లాస్‌లో ఈక్వల్స్ ఎలా ఉందో చూడండి. చాలావరకు మనకు అర్థమయ్యే మామూలు కోడే. అందులో కూడా బగ్‌లు ఉంటాయని తెలిస్తే ఇంకొంచెం ధైర్యం వస్తుంది. వరసలో ఉన్న సంఖ్యల్లో సగం సగం చేసుకుంటూ వెతికే బైనరీ సెర్చ్ సంగతే తీసుకోండి. మధ్య ఇండెక్స్ కోసం, వెతికే భాగానికి మొదలైన 'లో'ను, చివరైన 'హై'ను కలిపి రెండుతో భాగిస్తాం. జేడీకేలోనూ అలాగే ఉండేది. లో, హై మొత్తం 2147483647 దాటితే ఇంట్ పొంగిపోయి నెగెటివ్ అవుతుంది, నెగెటివ్ ఇండెక్స్‌తో అర్రేని ముట్టుకుంటే ఎక్సెప్షన్. వంద కోట్లకు పైగా ఎలిమెంట్లు ఉంటే తప్ప ఇది బయటపడదు కాబట్టి ఏళ్ల తరబడి ఎవరికీ కనపడలేదు. ఆ కోడ్ రాసిన జాషువా బ్లాక్ 2006లో తనే దీని గురించి బహిరంగంగా రాశారు. 'లో'కి, 'హై మైనస్ లో'లో సగాన్ని కలిపితే ఆ బెడద ఉండదు.

బైనరీ సెర్చ్ రాయమన్నప్పుడు ఆ ఒక్క లైన్ సరిగ్గా రాసి, ఎందుకలా రాశారో అర నిమిషంలో చెప్పగలిగితే ఎదుటివాళ్లు మిమ్మల్ని చూసే చూపు మారుతుంది. ఇదే జబ్బు, రెండింటిలో ఏది ముందో చెప్పే సార్టింగ్ కంపారేటర్లలోనూ ఉంది. ఏ మైనస్ బీ అని రాసే అలవాటు చాలామందికి ఉంది. మైనస్ 200 కోట్లలోంచి 200 కోట్లు తీసేయండి. రావాల్సింది మైనస్ 400 కోట్లు, ఇంట్‌లో పట్టదు, 294967296 అని పాజిటివ్ వస్తుంది. అంటే చిన్న సంఖ్యను పెద్దదని చెప్పినట్టు. ఇంటిజర్ డాట్ కంపేర్ వాడితే గొడవే లేదు.

వెర్షన్ల గురించి క్లుప్తంగా చెప్తాను. జావా 1995లో సన్ మైక్రోసిస్టమ్స్ నుంచి వచ్చింది, 2010లో సన్‌ను ఒరాకిల్ కొన్నది. 2017లో జావా 9 వచ్చినప్పటి నుంచి ఆరు నెలలకొక వెర్షన్. అన్నీ వెంటాడక్కర్లేదు. దీర్ఘకాల సపోర్ట్ ఉన్నవి 8, 11, 17, 21, 25. 8లో వచ్చిన లాంబ్డాలు, స్ట్రీమ్‌లు వేళ్ల చివర ఉండాలి. 17 వరకు వచ్చిన రికార్డ్‌లు, సీల్డ్ క్లాసులు, 21లో వచ్చిన వర్చువల్ థ్రెడ్లు, స్విచ్‌లో ప్యాటర్న్ మ్యాచింగ్ దేనికి ఉపయోగమో తెలియాలి. వర్చువల్ థ్రెడ్ల మీద, అంటే ఒకే ప్రోగ్రామ్‌లో పక్కపక్కన నడిచే తేలికపాటి పనుల మీద, ఒక హెచ్చరిక: అవి కోడ్‌ను వేగంగా పరిగెత్తించవు. డేటాబేస్ కోసమో, నెట్‌వర్క్ కోసమో ఎదురుచూస్తూ కూర్చునే పనులు వేల సంఖ్యలో ఉంటే అక్కడ లాభం. ప్రాసెసర్ నిండా లెక్కలు చేసే పనికి ఒరిగేదేమీ లేదు. "వర్చువల్ థ్రెడ్లు వాడాం, పర్ఫార్మెన్స్ పెరిగింది" అని రెజ్యూమేలో రాసుకుంటే, "ఏ పని మీద?" అనే ప్రశ్న తప్పకుండా వస్తుంది.

థ్రెడ్ల దగ్గర కొంచెం ఆగుదాం, ఎక్కువమంది జారేది ఇక్కడే. కౌంట్ ప్లస్ ప్లస్ అనేది చూడటానికి ఒక్క పని. లోపల మూడు: చదవడం, ఒకటి కలపడం, తిరిగి రాయడం. రెండు థ్రెడ్లతో చెరో లక్ష సార్లు చేయించండి. 2,00,000 రావాలి, చాలాసార్లు తక్కువ వస్తుంది. ఇద్దరూ ఒకే పాత విలువ చదివి, ఇద్దరూ ఒకే కొత్త విలువ రాస్తే ఒక లెక్క గల్లంతు. "వోలటైల్ పెడితే సరిపోతుంది కదా?" అని వెంటనే అంటారు. పెట్టి రన్ చేయండి, సరిపోదు. ఒక థ్రెడ్ రాసింది ఇంకో థ్రెడ్‌కు కనపడేలా చేయడమే వోలటైల్ పని, ఆ మూడు పనుల్నీ ఒక్కటిగా కట్టడం దాని చేతిలో లేదు. దానికి ఆ మూడింటినీ ఒక్క దెబ్బలో చేసే అటామిక్ ఇంటిజరో, ఒకసారికి ఒక్క థ్రెడ్‌నే రానిచ్చే లాకో కావాలి.

మరి వోలటైల్ ఎక్కడ పనికొస్తుంది? ఒక థ్రెడ్ "స్టాప్ అయ్యేదాకా తిరుగు" అనే ఖాళీ లూప్‌లో ఉంది. ఇంకో థ్రెడ్ స్టాప్‌ను ట్రూ చేస్తుంది. వోలటైల్ లేకపోతే ఆ లూప్ ఎప్పటికీ ఆగకపోవచ్చు, ఎందుకంటే నడుస్తున్న కోడ్‌ను మెరుగుపరిచే జిట్ కంపైలర్ "ఈ లూప్‌లో స్టాప్‌ను ఎవరూ మార్చట్లేదు కదా" అని ఆ చదవడాన్ని లూప్ బయటకు లాగేయొచ్చు. ఏం జరుగుతోందో చూద్దామని లోపల ఒక ప్రింట్‌లైన్ పెడతారు, తరచూ లూప్ ఆగిపోతుంది. తీసేస్తే మళ్లీ ఆగదు. ఈ దోబూచులాట ఒక్కసారి మీ మెషీన్ మీద మీరే చూస్తే, మెమొరీ మోడల్ మీద వంద పేజీలు చదవాలన్న ఆసక్తి దానంతటదే పుడుతుంది.

అనేక థ్రెడ్లు ఒకేసారి వాడగల కంకరెంట్ హ్యాష్‌మ్యాప్ వాడితే అంతా క్షేమం అనుకోవడం ఇంకో భ్రమ. "కీ ఉందా? లేదా? అయితే వేయి" అని రెండు లైన్లుగా రాస్తే, ఆ రెండు లైన్ల మధ్య ఇంకో థ్రెడ్ దూరుతుంది. ఒక్కో పిలుపు క్షేమమే, రెండూ కలిపి చూస్తే కాదు. పుట్ ఇఫ్ ఆబ్సెంట్, కంప్యూట్ ఇఫ్ ఆబ్సెంట్ ఉన్నది ఇందుకే. ఒకరికోసం ఒకరు చూస్తూ బిగుసుకుపోయే డెడ్‌లాక్ కూడా ఒకసారి కావాలని తయారుచేయండి: రెండు లాకులు, రెండు థ్రెడ్లు, ఎదురెదురు వరసలో పట్టుకోవడం. ప్రోగ్రామ్ బిగుసుకుపోయాక జేస్టాక్ నడిపి థ్రెడ్ డంప్ తీయండి. ఏ థ్రెడ్ ఏ లాక్ పట్టుకుని దేనికోసం చూస్తోందో అదే రాసి చూపిస్తుంది. థ్రెడ్ డంప్ చదవగలిగే ఫ్రెషర్ నాకు ఎదురైతే, మిగతా ప్రశ్నల్లో కొంచెం తడబడినా నేను పెద్దగా పట్టించుకోను. ఇది నా పక్షపాతం, ఒప్పుకుంటున్నాను. (నవ్వులు)

ఇక ప్రాజెక్ట్ ప్రశ్నలు. అనుభవం ఉన్నవాళ్ల ఇంటర్వ్యూలో సగం సమయం ఇక్కడే పోతుంది. రెజ్యూమేలో స్ప్రింగ్ బూట్, అంటే జావా సర్వర్ అప్లికేషన్లు కట్టే ఫ్రేమ్‌వర్క్, అని ఉంటే నేను డేటాబేస్ పనులు అన్నీ కలిపి జరిగేలా, లేదా ఏదీ జరగకుండా చూసే ట్రాన్సాక్షనల్ గుర్తు గురించి అడుగుతాను. ఒక సర్వీస్ క్లాస్‌లో రెండు మెథడ్లు. మొదటిదానికి ట్రాన్సాక్షనల్ లేదు, రెండోదానికి ఉంది. మొదటిది లోపలి నుంచి రెండోదాన్ని పిలుస్తుంది. రెండోదాంట్లో రన్‌టైమ్ ఎక్సెప్షన్ వచ్చింది. రోల్‌బ్యాక్ అవుతుందా, అంటే చేసిన మార్పులు వెనక్కి పోతాయా?

"అవుతుంది" అనేవాళ్లే ఎక్కువ. కాదు. స్ప్రింగ్ మామూలుగా ఈ పనంతా ప్రాక్సీతో చేస్తుంది. మీ క్లాస్ ముందు ఒక తొడుగు ఉంటుంది, బయటినుంచి పిలిస్తే ఆ తొడుగు దాటుకుని వస్తారు, ట్రాన్సాక్షన్ మొదలుపెట్టేది ఆ తొడుగే. లోపలి నుంచి లోపలికి పిలిస్తే తొడుగు ఊసే లేదు. ట్రాన్సాక్షన్ మొదలవనే లేదు, ఇక రోల్‌బ్యాక్ అయ్యేదేముంది? దీనికి తోడు ఇంకో మెలిక: సరిగ్గా బయటినుంచే పిలిచినా, వచ్చింది కంపైలర్ ముందే చూసుకోమనే చెక్డ్ ఎక్సెప్షన్ అయితే స్ప్రింగ్ మామూలుగా రోల్‌బ్యాక్ చేయదు, కమిట్ చేస్తుంది, అంటే ఖాయం చేసేస్తుంది. డబ్బు లావాదేవీలు రాసే కోడ్‌లో ఈ రెండూ తెలియకపోతే ఎంత నష్టమో ఆలోచించండి.

డేటాబేస్ కనెక్షన్లను తెరిచి సిద్ధంగా ఉంచే కనెక్షన్ పూల్ మీద కూడా ఒక లెక్క చేద్దాం. స్ప్రింగ్ బూట్‌లో మామూలుగా వచ్చే పూల్ హికారీ, దాని డీఫాల్ట్ సైజ్ 10. ట్రాన్సాక్షన్ లోపల, ఒక క్వెరీ నడిచాక, ఎవరో బయటి పేమెంట్ సర్వీస్‌ను పిలిచారు. దానికి 5 సెకన్లు పడుతోంది. ఆ 5 సెకన్లూ కనెక్షన్ ఖాళీగా చేతిలోనే ఉంది. 10 కనెక్షన్లు, ఒక్కోటి 5 సెకన్లు: సెకనుకు 2 రిక్వెస్టులకు మించి సాగదు. సెకనుకు 20 వస్తే? మిగతావి క్యూలో నిలబడతాయి, 30 సెకన్ల డీఫాల్ట్ గడువు దాటినవి టైమౌట్ ఎక్సెప్షన్‌తో పడిపోతాయి. సీపీయూ చూస్తే ప్రశాంతంగా ఉంటుంది, డేటాబేస్ చూస్తే ఖాళీగా ఉంటుంది. టీమంతా తలలు పట్టుకుంటారు. కొందరు పూల్‌ను 100 చేసి ఊపిరి పీల్చుకుంటారు. ఆ పిలుపును ట్రాన్సాక్షన్ బయటికి తీస్తే 10 కనెక్షన్లే ఎంతో పని చేస్తాయి. ఇదంతా గుణకారం, భాగహారం. సిస్టమ్ డిజైన్ రౌండ్ అని భయపడతారు కానీ, బొమ్మలు గీయడం కన్నా ఇలాంటి చిన్న లెక్కలు వేయగలగడమే అక్కడ ఎక్కువ నిలబెడుతుంది.

డేటాబేస్ టేబుళ్లను జావా ఆబ్జెక్టులుగా ఇచ్చే హైబర్నేట్ వాడేవాళ్లు ఎస్‌క్యూఎల్ లాగ్ ఆన్ చేసి చూడండి. 100 ఆర్డర్లు తెచ్చి, ఒక్కో ఆర్డర్‌లోని వస్తువులను లూప్‌లో చదివితే, అడిగినప్పుడే తెచ్చే లేజీ లోడింగ్ వల్ల 1 క్వెరీ అనుకున్నది 101 అవుతుంది. అన్నీ ఒకే క్వెరీలో తెచ్చే జాయిన్ ఫెచ్ గురించి తర్వాత చదువుకోవచ్చు, ముందు ఆ 101 లైన్లు కళ్లతో చూడండి.

కోడింగ్ రౌండ్ గురించి నాకు చెప్పాల్సింది తక్కువే, చెప్పేవాళ్లు బయట బోలెడు మంది ఉన్నారు. ప్రశ్న విన్న వెంటనే కీబోర్డ్ మీద పడకండి. ఇన్‌పుట్ ఖాళీగా ఉండొచ్చా, నెగెటివ్ సంఖ్యలు ఉంటాయా అని అడగండి. ముందు మొరటు పద్ధతి చెప్పి, దాని ఖర్చెంతో చెప్పి, తర్వాత మెరుగుపరచండి. జావా వరకు కొన్ని ఉచ్చులు గుర్తుంచుకోండి. 5, 6, 7 ఉన్న ఇంటిజర్ల లిస్ట్‌లో రిమూవ్ 1 అంటే ఒకటి అనే సంఖ్యను వెతకదు, ఒకటో ఇండెక్స్‌లో ఉన్న 6ను తీసేస్తుంది. ప్రయారిటీ క్యూను ఫర్ లూప్‌లో తిప్పితే వరసలో రావు, ఒక్కొక్కటీ బయటికి తీసే పోల్ వాడితేనే వరస. స్టాక్ కావాలంటే పాత స్టాక్ క్లాస్ బదులు అర్రేడెక్ వాడండి. లూప్‌లో స్ట్రింగ్‌ను ప్లస్‌తో పెంచుకుంటూ పోతే ప్రతిసారీ మొత్తం కాపీ అవుతుంది, స్ట్రింగ్ బిల్డర్ ఉన్నది అందుకే.

నేను చెప్పాలనుకున్నవి ఇవి. ఇక మీరు అడగండి.

సభలో ఒకరు: మేడమ్, జావాలో తెలియని ప్రశ్న అడిగితే ఏం చెప్పాలి? తెలియదంటే మార్కులు పోతాయి కదా?

"తెలియదు" అని చెప్పి ఆగిపోతే కొంత పోతాయి. తెలిసినట్టు కథ అల్లితే అన్నీ పోతాయి. మధ్యలో ఒక దారుంది. "దీన్ని నేను వాడలేదు, కానీ ఫలానా విషయాన్ని బట్టి ఇలా ఉండొచ్చని నా అంచనా, ఇలా టెస్ట్ చేసి చూస్తాను" అనండి. అంచనా తప్పినా ఫర్వాలేదు. వీక్ హ్యాష్‌మ్యాప్ ఎప్పుడూ వాడని ఒక అభ్యర్థి, వీక్ రిఫరెన్స్ గురించి తెలిసినదాన్ని బట్టి "కీని ఇంకెవరూ పట్టుకోకపోతే ఎంట్రీ పోతుందనుకుంటా" అంటే, నా దృష్టిలో అది బట్టీ పట్టిన జవాబు కన్నా మేలు.

ఇంకొకరు: ఏఐ టూల్స్ కోడ్ రాసేస్తున్నాయి కదా, ఇంత లోతు అవసరమా?

రాస్తున్నాయి, నేనూ వాడతాను. చక్కగా, శుభ్రంగా, నమ్మబుద్ధయ్యేలా రాస్తాయి. ఇందాక చెప్పిన ట్రాన్సాక్షనల్ తప్పు కూడా అంతే శుభ్రంగా రాసి ఇవ్వగలవు, కంపైల్ అవుతుంది, మామూలు టెస్టులు పాస్ అవుతాయి. అది ఇచ్చిన కోడ్ ఏం చేస్తుందో రన్ చేయకముందే చెప్పలేకపోతే, దాన్ని మెర్జ్ చేసే బాధ్యత ఎవరిది? నేర్చుకునే దశలో దాన్ని తిరగేసి వాడండి. "ఈ కోడ్ అవుట్‌పుట్ ఏంటి?" అని మీరు దాన్ని అడగకండి. అవుట్‌పుట్ చెప్పాల్సిన చిన్న ముక్కలు పది ఇమ్మనండి. జవాబులు మీరు రాసి, జేషెల్‌లో సరిచూసుకోండి. అది చెప్పిన జవాబు కూడా నమ్మకండి, అప్పుడప్పుడు అదీ పప్పులో కాలేస్తుంది.

మరొకరు: స్ప్రింగ్ ముందు నేర్చుకోవాలా, కోర్ జావా ముందా? ఉద్యోగ ప్రకటనలన్నీ స్ప్రింగ్ బూట్ అనే అడుగుతున్నాయి.

కలిపే నేర్చుకోండి, కోర్ జావా అంతా ముగిశాకే స్ప్రింగ్ అంటే ఎప్పటికీ ముగియదు. చిన్న అప్లికేషన్ ఒకటి చేయండి, రెండు మూడు టేబుల్స్ చాలు. ఏదైనా యానొటేషన్ (@తో మొదలయ్యే గుర్తు) పెట్టగానే "ఇది లేకపోతే ఏమవుతుంది?" అని తీసేసి చూడండి. ఏ ఎర్రర్ వచ్చిందో చదవండి. స్టాక్ ట్రేస్‌లో కాజ్డ్ బై అని ఉన్న ఆఖరి లైన్ దగ్గర్నుంచి పైకి చదవడం అలవాటు చేసుకోండి.

చివరి వరసలోంచి ఒకరు: ఇంట్లో అన్నీ వస్తాయి మేడమ్, అక్కడ కూర్చోగానే టెన్షన్‌తో బుర్ర ఖాళీ అయిపోతోంది. ఏం చేయాలి?

అది చాలామందికి ఉన్నదే. ఇంట్లో సాధన నిశ్శబ్దంగా చేస్తారు, అక్కడ మాట్లాడుతూ చేయాలి, అందుకే కొత్తగా అనిపిస్తుంది. వారంలో కొన్ని రోజులైనా బయటికి మాట్లాడుతూ కోడ్ రాయండి, ఒక ఫ్రెండ్‌ను ఎదురుగా కూర్చోబెట్టుకుంటే ఇంకా మంచిది. ఆ ఫ్రెండ్‌కు జావా రాకపోయినా ఫర్వాలేదు, "ఎందుకు?" అని అడుగుతూ ఉంటే చాలు. ఇంటర్వ్యూలో బుర్ర ఖాళీ అయిన క్షణాన పరిష్కారం కోసం వెతకొద్దు. ప్రశ్నను మీ మాటల్లో తిరిగి చెప్పండి, మూడు నాలుగు సంఖ్యలతో చిన్న ఇన్‌పుట్ ఒకటి రాసి, దానికి ఏ అవుట్‌పుట్ రావాలో చేత్తో లెక్కేయండి. ఆ లెక్క వేసేటప్పుడు మీ చెయ్యి ఏ వరసలో కదిలిందో, ఆ వరసనే మొదట కోడ్‌గా రాయండి. మెరుగులు తర్వాత చూసుకోవచ్చు.